మెరిసే పసుపులో సీసం



ఈ నెల మేము మీతో మాట్లాడదలచినది మీ పోపుల డబ్బాలో ఉన్న ఒక వస్తువును గూర్చి. ఉప్పు తరువాత మనము దాదాపు ప్రతి కూరలోను వేసేది అదే. వేలు తెగితే అద్దేది అదే. పిల్లవానికి దగ్గు పట్టుకుంటే వేడి పాలలో కలిపి త్రాగించేది అదే. దాని పేరు పసుపు. పాలలో నీళ్లు కలుపుతారని, బియ్యంలో రాళ్లు కలుపుతారని మన తల్లులు అనుమానించేవారు గాని, పసుపును అనుమానించినవారిని మేము చూడలేదు. మేమును అనుమానించలేదు.

ఒకనాడు మా శ్రీమతితో కలిసి సంతకు వెళ్లాము. పసుపు కొమ్ములు అమ్మే చోట రెండు రాశులు ఉన్నాయి. ఒకటి మట్టిరంగులో, అక్కడక్కడ తొక్క అంటుకొని, చూడటానికి బీదగా ఉన్నది. రెండవది బంతిపూలు పోసినట్లు మెరిసిపోతున్నది. మా శ్రీమతి చెయ్యి రెండవ రాశి మీదికే పోయింది. మేము ఒంటరిగా వెళ్లినా దానినే తెచ్చేవారము. అంతలో ప్రక్కన కూరగాయలు బేరమాడుతున్న మా సంఘపు పెద్దమ్మ ఒకామె, "ఆ మెరిసేది ఎందుకమ్మగారూ! కూరకంటే ముందు చెయ్యి పసుపెక్కుద్ది" అన్నది. ముసలివారి చాదస్తం అనుకొని నవ్వి, మెరిసేదానినే అరకిలో తూకం వేయించుకొని ఇంటికి వచ్చాము.

ఆ తరువాత బంగ్లాదేశ్‌లో జరిగిన ఒక పరిశోధనను గూర్చి చదివినప్పుడు ఆ మాట మాకు గుర్తుకు వచ్చింది. ఆ సంగతి మొదటినుండి చెప్పవలసినదే.

ఢాకా నగరంలో అంతర్జాతీయ అతిసార వ్యాధుల పరిశోధనా కేంద్రం అని ఒక సంస్థ ఉన్నది. మన పల్లెలలో విరేచనాలైన పిల్లలకు పొట్లం విప్పి నీళ్లలో కలిపి పట్టే ఓఆర్‌ఎస్ ఉన్నదే, దానిని 1960ల చివరలో రోగుల మీద పరీక్షించి నిలబెట్టినవారిలో ఈ సంస్థకు పూర్వరూపమైన ఢాకా కలరా పరిశోధనశాల వారు ముఖ్యులు. ఈ సంస్థవారును, అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం వారును కలిసి బంగ్లాదేశ్ పల్లెలలోని గర్భిణీ స్త్రీల రక్తం పరీక్షించారు. మొత్తం 430 మంది. అందరూ పొలాల మధ్య, చెరువుల ప్రక్కన బ్రతికే కుటుంబాలవారు. ఆ చుట్టుప్రక్కల పెద్ద ఫ్యాక్టరీలు లేవు, మోటారు వాహనాల రద్దీ లేదు. అయినా వారిలో నూటికి 31 మంది రక్తంలో సీసం ఉండకూడనంత ఎక్కువగా కనబడింది.

సీసం అనగా మనకు తెలిసినదే. చేపల వలలకు కట్టే బరువైన గుండ్లు, పాత బ్యాటరీలు పగలగొడితే లోపల కనిపించే పలకలు సీసానివే. అటువంటి లోహం పల్లెటూరి గర్భిణీ స్త్రీ రక్తంలోనికి ఎట్లు వచ్చింది?

పూర్వం పెట్రోలులో సీసం కలిపేవారు. ఆ పొగ పీల్చి నగరాలలోని పిల్లలు దెబ్బతిన్నారు. బంగ్లాదేశ్ 1999లో, మన దేశం 2000లో అట్టి పెట్రోలును మానివేశాయి. లోకంలో చివరిగా అల్జీరియా 2021లో మానింది. కావున ఇకమీదట సీసం తగ్గిపోతుందని అందరూ అనుకున్నారు. పెట్రోలు వాసన ఎరుగని ఊళ్లలో ఇంత సీసం ఉండటం పరిశోధకులను ఆలోచనలో పడవేసింది.

ఈ లోహం లోపలికి పోయి ఏమి చేస్తుందో ఇక్కడ కొంచెం చెప్పుకోవాలి, ఎందుకనగా అది తెలియకపోతే మిగిలినదంతా రంగు గొడవగానే కనబడుతుంది. మన ఎముకలకు కావలసిన కాల్షియం అనే సున్నపు ధాతువు ఉన్నది గదా. శరీరం సీసాన్ని చూచి ఇదే కాల్షియం అని పొరబడుతుంది. పొరబడి దానిని ఎముకలలో దాచిపెడుతుంది. పెద్దవారి ఒంటిలోని సీసంలో అత్యధిక భాగం ఎముకలలోనే ఉంటుంది, అక్కడ సంవత్సరాల తరబడి, దశాబ్దాల తరబడి కదలకుండా కూర్చుంటుంది. స్త్రీ గర్భవతి అయినప్పుడు కడుపులోని బిడ్డ ఎముకల నిమిత్తం తల్లి ఎముకలనుండి కాల్షియం కరిగి వస్తుంది. దానితోకూడ ఈ సీసమును బయలుదేరుతుంది. మాయ దానిని ఆపలేదు. ఆవిధంగా తల్లి తన చిన్నతనంలో తిన్నది, ఇంకా పుట్టని బిడ్డకు వంతుగా పోతుంది.

పుట్టిన పిల్లల సంగతి ఇంకా కష్టం. ఒకే తిండినుండి పెద్దవారి కడుపు పట్టుకొనే సీసంకంటే చిన్నపిల్లల కడుపు నాలుగైదు రెట్లు ఎక్కువ పట్టుకుంటుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. అది పెరుగుతున్న మెదడును దెబ్బ తీస్తుంది. జ్వరం రాదు, ఒంటిమీద పొక్కు లేవదు. పాఠం తలకెక్కదు, చెప్పిన మాట మీద నిమిషం నిలవలేడు, ఊరకనే కోపం తెచ్చుకుంటాడు. రక్తం పలచబడుతుంది. ఇంతవరకు ఉంటే ఫరవాలేదు అని చెప్పదగిన హద్దు సీసానికి లేదని వైద్యశాస్త్రం నేడు ఒప్పుకొంటున్నది.

ఈ మాటలు చదివినప్పుడు మేము చాలాసేపు పుస్తకం మూసి కూర్చున్నాము. మేము సేవకు వచ్చిన తొలి సంవత్సరాలలో సాయంకాలం పిల్లలకు చదువు చెప్పేవారము. అందులో ఒక పిల్లవాడు గుణింతం దగ్గరే ఆగిపోయేవాడు. మొద్దు అన్నాము, చెవి మెలిపెట్టాము, వాని తల్లితోకూడ ఆ మాటే అన్నాము. వాని ఒంటిలో సీసం ఉన్నదని మేము ఇప్పుడు చెప్పడం లేదు, వానిని పరీక్ష చేయించినవారు ఎవరూ లేరు. పరీక్ష చేయించాలి అనే ఆలోచనే మా ఎవ్వరికీ లేదు. అది మాత్రం చెబుతున్నాము.

తిరిగి బంగ్లాదేశ్ పల్లెలకు వద్దాము. స్టాన్‌ఫర్డ్‌నుండి వచ్చిన జెన్నా ఫోర్‌సైత్ అనే పరిశోధకురాలు, ఆమెకు పెద్దదిక్కుగా ఉన్న డాక్టరు స్టీఫెన్ లూబీ, ఢాకాలోని వారి సహచరులు ఇంటింటికి తిరిగారు. మొదట వారు పసుపును గూర్చి తలంచలేదు. పొలంలో చల్లే మందులలో ఉన్నదేమో అని చూచారు. ధాన్యం, తిండి నిలువచేసే రేకు డబ్బాలకు వేసిన సీసపు అతుకులలోనుండి దిగుతున్నదేమో అని చూచారు. కడుపుతో ఉన్న స్త్రీలు కొందరు మట్టి తింటారు. మన ఆడపడుచులు గోడమట్టి, బలపం తిన్నట్లే అక్కడివారును కాల్చిన మట్టిబిళ్లలు తింటారు. ఆ బిళ్లలనుకూడ తీసుకువెళ్లి పరీక్షించారు. బియ్యం చూచారు, మట్టి చూచారు, వంటకు వాడే దినుసులు చూచారు. పసుపులో సీసం దొరికింది.

దొరికినంతమాత్రాన అదే కారణమని ఎట్లు చెప్పగలరు? ఇక్కడ శాస్త్రజ్ఞులు చేసిన పని మాకు ఎంతో నచ్చింది. సీసం అంతా ఒకటే అని మనము అనుకుంటాము గాని, దానిలో కొంచెం బరువు ఎక్కువ తక్కువగా ఉండే నాలుగు రకాల అణువులు కలిసి ఉంటాయి. వాటిని ఐసోటోపులు అంటారు. ఏ గనినుండి వచ్చిన సీసంలో ఏ రకం ఎంత పాలు ఉన్నదో గనినిబట్టి మారుతుంది. మన ఊళ్లలో గొర్రెలు మందలో కలిసిపోయినా, చెవి కోతను చూచియో ముద్రను చూచియో ఇది ఫలానావారి గొర్రె అని కాపరి చెప్పడా? ఆలాగే ఈ పాళ్లను చూచి సీసం ఎక్కడిదో పోల్చవచ్చును. స్త్రీల రక్తంలోని సీసపు ముద్రను తీసి, మట్టిబిళ్లల సీసంతోను, డబ్బాల అతుకులతోను, పసుపులోని సీసంతోను ఒక్కొక్కటిగా పోల్చి చూచారు. పసుపు ముద్రే దగ్గరగా సరిపోయింది. 2019లో ఈ సంగతి అచ్చు వేశారు.

పసుపు మొక్క ఆ సీసాన్ని నేలలోనుండి తెచ్చుకొనలేదు. పసుపులో సీసంతోపాటు క్రోమియం అనే మరియొక లోహముకూడ దొరికింది, అదియు ఒకటికి ఒకటిగా. ఈ రెండు లోహాలు జతగా ఉండేది లెడ్ క్రోమేట్ అనే రంగుపొడిలో. బల్లలకు, బండ్లకు, రోడ్డు మీద గీతలకు వేసే పసుపుపచ్చ పెయింటులో కలిపే పొడి అది. కారు చవక. అక్కడి బజారులలో దానికున్న ముద్దుపేర్లలో ఒకదానికి అర్థం ఆవపువ్వు రంగు అని. ఇంత అందమైన పేరు పెట్టినవాడు దానిని తిండిలో కలుపుతారని ఎరుగునో ఎరుగడో!

ఇది ఎవరు కలిపారు, ఎందుకు కలిపారు అనే ప్రశ్నకు జవాబు మాకు ముందుగా పరిశోధనలో కాదు, మన కృష్ణ ఒడ్డున లంక పొలాలలో పసుపు వేసే ఒక కుటుంబం వద్ద దొరికింది. ప్రార్థన నిమిత్తం వారి ఇంటికి వెళ్లినప్పుడు పసుపు వండుతున్నారు. మెట్ట ప్రాంతపు చదువరులకు ఈ పని తెలియకపోవచ్చును గనుక కొంచెం వివరిస్తాము.

తొలకరిలో నాటిన పసుపును సంక్రాంతి దాటిన తరువాత త్రవ్వుతారు. పచ్చి దుంపలను నీళ్లలో వేసి, పుల్ల గుచ్చితే మెత్తగా దిగేవరకు ఉడకబెడతారు. తరువాత కళ్లంలో పరచి పది పదిహేను రోజులు ఎండబెడతారు. బాగుగా ఎండిన కొమ్మును విరిస్తే ఖంగుమని లోహం మోగినట్లు మోగుతుంది. వంద కిలోల పచ్చి పసుపు ఎండితే 20, 25 కిలోలకు మించి తేలడం కష్టం. అప్పటికి దానిమీద గరుకు తొక్క, వేళ్ల పీచు ఉంటాయి. డ్రమ్ములో పోసి త్రిప్పితే కొమ్ములు ఒకదానికొకటి రాసుకొని ఆ తొక్క రాలి నునుపెక్కుతాయి. దీనినే పాలిష్ పట్టడం అంటారు. చివరి త్రిప్పులలో కొంచెం పసుపు పొడినే నీళ్లలో కలిపి చిలకరిస్తే పైకి మంచి రంగు వస్తుంది, అందులో తప్పేమియు లేదు, వ్యవసాయశాఖవారు చెప్పే పద్ధతే.

"కళ్లంలో ఉండగా వాన పడితే ఏమవుతుంది?" అని అడిగాము. ఆ ఇంటి పెద్ద కాసేపు మాట్లాడలేదు. "నల్లబడుద్దండి అయ్యగారూ. లోపల సరుకు బాగానే ఉన్నా పైన చూడబుద్ధి కాదు. మార్కెట్టులో కొమ్ము విరిచి చూస్తారు, నిజమే గాని, ముందు కన్ను మెరుపు మీదికే పోద్ది. ఏడాది కష్టం ఆ మెరుపు దగ్గర పోద్ది" అన్నాడు.

బంగ్లాదేశ్‌లో జరిగింది సరిగా ఇదే. 1980లలో అక్కడ పెద్ద వరదలు వచ్చాయి. తడిసిన పసుపు కళ తప్పింది. దానిని కొన్న వ్యాపారులు పాలిష్ పట్టే డ్రమ్ములలో ఈ రంగుపొడి వేయించారు. నాసిరకం కొమ్ములు బంగారంలా మెరిశాయి, మంచి ధరకు పోయాయి. వరద వెళ్లిపోయింది, అలవాటు మాత్రం మిగిలిపోయింది. రంగు వేస్తే పాలిష్ పట్టే సమయం కలిసివస్తుంది, కూలి ఖర్చు తగ్గుతుంది, ప్రజలు అడిగి మరీ కొంటారు. పరిశోధకులు రైతులనుండి చిల్లర వ్యాపారులవరకు 150 మందికి పైగా మనుష్యులతో మాట్లాడారు. పసుపు ఎక్కువగా పండే 9 జిల్లాలలో 7 జిల్లాలలో ఈ కల్తీ ఆనవాళ్లు దొరికాయి. ఎందుకు కలుపుతున్నారని అడిగితే తరచుగా వచ్చిన జవాబు, కూర పచ్చగా కనబడాలని జనం కోరుకుంటున్నారు అని.

ఈ జవాబు మాకు మింగుడు పడలేదు. మోసగించినవాడు మోసగాడే, దానికి సందేహం లేదు. అయితే సంతలో ఆ రెండు రాశుల మధ్య నిలుచున్నప్పుడు మేము ఏ రాశికి డబ్బు చెల్లించామో మాకు తెలుసు. నిజాయితీగల మట్టిరంగు రాశివాడు ఆ సాయంకాలం తన సరుకును మరల మూట కట్టుకొని వెళ్లి ఉంటాడు.

ఈ కథలో అందరికంటె ముందు దెబ్బ తిన్నవారు ఎవరని అనుకుంటున్నారు? ఆ డ్రమ్ముల వద్ద పనిచేసే కూలీలు. పొడి గాలిలో లేస్తుంది, వారు పీలుస్తారు. చేతులకు, బట్టలకు అంటుకొని ఇంటికి వస్తుంది, పసిపిల్లవాడు ఆ చొక్కా పట్టుకొని నోట్లో పెట్టుకుంటాడు. మిల్లుల చుట్టూ నేలనుకూడ పరీక్షిస్తే అందులోను సీసం నిండి ఉన్నది.

ఇంతవరకు చదివినవారికి గుండె బరువెక్కి ఉంటుంది. ఇక తరువాత జరిగినది వినండి. ఇటువంటి వార్తలలో అరుదుగా వినబడే సంగతి ఇది.

2019 చివరి మాసాలలో బంగ్లాదేశ్ ఆహార భద్రతా సంస్థవారు ఈ పరిశోధన ఫలితాలను చేతపట్టుకొని బజారులోనికి దిగారు. పసుపులో రంగు కలపడం నేరమని తెలిపే కరపత్రాలు దాదాపు 50,000 అచ్చు వేసి మార్కెట్లలో అంటించారు. వ్యాపారులను కూర్చోబెట్టి, ఇది మీ బిడ్డల రక్తంలోనికే పోతున్నది అని చెప్పారు. వారిలో చాలామందికి రంగు కలుస్తున్నదని తెలుసు గాని, అది విషమని తెలియదు. పత్రికలు, టెలివిజన్లు దీనిని ఇంటింటికి చేర్చాయి. తరువాత అధికారులు ఢాకాలోని శ్యాంబజార్ అనే పెద్ద టోకు మార్కెట్టుకు ఒక చిన్న యంత్రం పట్టుకొని వెళ్లారు. ఎక్స్‌రే కిరణాలతో పనిచేసే ఆ యంత్రాన్ని కొమ్ముల మీద పెడితే చాలు, సీసం ఉన్నదీ లేనిదీ అక్కడికక్కడే చెప్పివేస్తుంది. ఇద్దరు వ్యాపారులు పట్టుబడ్డారు. సరుకు స్వాధీనం చేసుకొని 8 లక్షల టాకాలు జరిమానా వేశారు. దానిని దేశమంతా టెలివిజన్‌లో చూచింది.

2019లో అక్కడి మార్కెట్ల పసుపు నమూనాలలో నూటికి 47 సీసం కలిసినవి. మరుసటి సంవత్సరం మొదట్లో మరల చూస్తే 5. 2021లో చూస్తే ఒక్కటికూడ లేదు. పాలిష్ మిల్లు కూలీల రక్తం మరల పరీక్షిస్తే అందులోని సీసం దాదాపు మూడవ వంతు తగ్గింది. ముప్పయి సంవత్సరాలకు పైగా వేళ్లూనిన అలవాటు రెండేండ్లలో పోయింది. దీనికి కొత్త మందు కనిపెట్టలేదు, కోట్లు కుమ్మరించలేదు. రక్తంలోని సీసానికి ముద్ర చూచి దారి పట్టుకొన్న ఓపిక, ఆ తరువాత ఒక ప్రభుత్వ సంస్థ తన పని తాను చేయడం, ఇవే కనబడుతున్నాయి.

మరి మన దేశం సంగతి ఏమిటి? ఆ పరిశోధకుల బృందంతో కలిసి మరికొందరు 2020 డిసెంబరునుండి 2021 మార్చివరకు భారతదేశం, పాకిస్తాన్, శ్రీలంక, నేపాల్‌లలో 23 నగరాలనుండి 356 పసుపు నమూనాలు కొని పరీక్షించారు. ఫలితాలు 2024లో వెలువడ్డాయి. నూటికి 14 నమూనాలలో గ్రాముకు 2 మైక్రోగ్రాములకంటె ఎక్కువ సీసం ఉన్నది. మైక్రోగ్రాము అనగా గ్రాములో పది లక్షలవ వంతు. మన దేశపు చట్టం పసుపులో గ్రాముకు 10 మైక్రోగ్రాములవరకు ఒప్పుకొంటుంది, బంగ్లాదేశ్ హద్దు 2.5. అయితే బీహారులోని పాట్నాలోను, పాకిస్తాన్‌లోని కరాచీ, పెషావర్‌లలోను కొన్న కొన్ని నమూనాలలో అది 1000 దాటింది. మనకు అర్థమయ్యే లెక్కలో చెప్పాలంటే కిలో పసుపులో ఒక గ్రాముకంటె ఎక్కువ సీసం. అట్టి పసుపు రోజూ తినే పిల్లల రక్తంలో, అమెరికా ఆరోగ్యశాఖవారు జాగ్రత్తపడుమని చెప్పే మట్టానికి పది రెట్లవరకు సీసం చేరవచ్చునని వారు లెక్క కట్టారు.

దీనిని చదివి మన పసుపంతా విషమని ఎవరూ భయపడవద్దు. ఆ లెక్కనే త్రిప్పి చదివితే నూటికి 86 నమూనాలలో అంత సీసం లేదు. దుగ్గిరాలలో, నిజామాబాదులో, కడపలో, మెట్‌పల్లిలో మన రైతులు పండించే పసుపుకు నింద తెచ్చే ఉద్దేశం మాకు ఎంతమాత్రం లేదు. బంగ్లాదేశ్‌లోకూడ రంగు కలిసింది రైతు కళ్లంలో కాదు, అది అతని చేయి దాటిన తరువాతనే. పైగా ఇటువంటి కల్తీవలన మొదట నష్టపోయేది మన రైతే. జాతీయ పసుపు బోర్డు 2025లో నిజామాబాదు కేంద్రంగా మొదలైంది. ధరను గూర్చి, ఎగుమతులను గూర్చి అందరూ మాట్లాడుతున్నారు. మార్కెట్టు యార్డులలో అటువంటి పరీక్షా యంత్రాన్ని గూర్చికూడ ఎవరైనా అడిగితే బాగుండునని మా మనవి.

పసుపు ఒక్కటే అని అనుకోవద్దు. 2023లో అమెరికాలో పసిపిల్లలకు పెట్టే ఆపిల్ గుజ్జు సంచులలో కలిపిన దాల్చినచెక్క పొడిలో సీసమును క్రోమియమును దొరికి, వందలాది పిల్లలు దాని బారిన పడ్డారు. సముద్రాలు దాటినా అదే కథ. 2020లో యూనిసెఫ్‌వారు వెలువరించిన నివేదిక ప్రకారం లోకంలోని పిల్లలలో ముగ్గురిలో ఒకరి రక్తంలో సీసం ఎక్కువగా ఉన్నది. అందుకు పెద్ద కారణాలలో ఒకటి పాత బ్యాటరీలను ఇండ్ల మధ్య పగలగొట్టి సీసం కరిగించడం. మీ వీధిలో అట్టి పని జరుగుతుంటే పిల్లలను ఆ దరిదాపులకు పోనీయకండి.

ఇక ఇంటిలో మనము చేయగలిగినది. పసుపును మానివేయమని చెప్పడం లేదు, మానవలసిన అవసరమును లేదు. వీలున్నవారు ఎరిగిన రైతు వద్ద కొమ్ములే కొని, కడిగి ఎండబెట్టి, మిల్లులో పట్టించుకొనండి లేదా మన పెద్దలవలె రోటిలో దంచుకొనండి. రంగు కళ్లు చెదిరేలా ఉంటే అనుమానించండి. విడిగా పోసి అమ్మే పొడికంటె, తయారుచేసినవారి పేరు, ఊరు, ఆహార భద్రతా సంస్థ లైసెన్సు నంబరు ఉన్న పొట్లం కొంత మేలు, ఎందుకనగా తప్పు జరిగితే అడగడానికి ఒక మనిషి ఉంటాడు.

ఆ సంస్థవారు ఇంటిలో చేసుకొనదగిన ఒక చిన్న పరీక్షకూడ చెప్పారు. గాజు గ్లాసులో మంచినీళ్లు పోసి పసుపు కొమ్ము వేయండి. మంచి కొమ్ము నీళ్లలో రంగు విడువదు. లెడ్ క్రోమేట్ పూసినదైతే వెంటనే రంగు దిగుతుంది. అయితే ఇది ప్రయోగశాల పరీక్షకు సాటి కాదు. రంగు దిగినదానిని వాడవద్దు, దిగలేదు గనుక సీసం బొత్తిగా లేదని పూచీ పడనూ వద్దు. పొడి విషయంలో ఇది ఇంకా కష్టం, ఎందుకనగా మంచి పొడికూడ నీళ్లను కొంచెం పసుపు చేస్తుంది.

తల్లులకు మరియొక మాట. ఇనుము, కాల్షియం తక్కువైన ఒంటిలో సీసం త్వరగా చోటు చేసుకుంటుంది. బిడ్డ కడుపు నిండా తిని ఉంటే అంతగా పట్టుకొనదు. కావున తోటకూర, మునగాకు, రాగి జావ, పాలు, గుడ్డు, జామకాయ, ఉసిరికాయ, ఇవన్నీ రక్తం పట్టడానికే గాక ఈ విషయంలోకూడ అడ్డుకట్ట. గర్భిణీలకు ఆరోగ్య కార్యకర్తలు ఇచ్చే ఐరన్ మాత్రలను డబ్బాలో దాచిపెట్టే అలవాటు మా సంఘంలోను ఉన్నది. దాచకండి, మింగండి. పిల్లలను ఖాళీ కడుపుతో బడికి పంపకండి. మట్టి, బలపం తినే అలవాటు ఉన్నవారు సిగ్గుపడకుండా డాక్టరుగారితో చెప్పండి. ఒంటిలో సీసం ఎంతో తేల్చేది రక్తపరీక్షే గాని నాటుమందులు, కట్లు కాదు. నిజానికి కొన్ని భస్మాలలో సీసమే ఉంటుంది, అది మరియొక పెద్ద కథ.

మేము ఈ సంగతులన్నిటిని ఒక ఆదివారం ఆరాధన ముగిసిన తరువాత స్త్రీల సమాజంవారికి చెప్పాము. సంతలో మమ్మును హెచ్చరించిన పెద్దమ్మ ముందు వరుసలోనే కూర్చున్నది. ఆమె నోటి వెంట "నే ముందే చెప్పలా" అనే మాట వస్తుందని ఎదురుచూచాము, రాలేదు. ఇంటికి వెళ్లి కొంగున రెండు కొమ్ములు ముడివేసుకొని వచ్చింది. మా శ్రీమతి గాజు గ్లాసులో నీళ్లు తెచ్చి బల్లమీద పెట్టింది. పెద్దమ్మ కొమ్ము వేసింది. ఇరవై మందిమి చుట్టూ చేరి గ్లాసు వంకే చూచాము. నీళ్లు నీళ్లవలెనే ఉన్నాయి.

తరువాత మా శ్రీమతి లోపలికి వెళ్లి, ఆనాడు సంతలో తెచ్చినదానిలో మిగిలిన గుప్పెడు కొమ్ములు పట్టుకొని వచ్చి, ఒకటి రెండవ గ్లాసులో వేసింది. అది అడుగుకు చేరకముందే దాని చుట్టూ పచ్చని పొగవంటిది లేచింది. ఎవ్వరూ ఏమీ అనలేదు. ఆ కొమ్ముల పొడి వేసిన పప్పునే అప్పటికి నెల రోజులుగా మా పిల్లలు తింటున్నారు.